కుక్కపళ్ళ కుట్టు

లీడ్స్‌లో అక్టోబరు గాలికి మతం లేదు.
మూర్‌టౌన్‌లో మా పెరటి పండగ పందిరి గుడ్డను
నిలువునా చీల్చి
పక్కింటి ఆర్మిటేజ్ గారి గులాబీల మీదికి ఎగరేసింది.
నాన్న చిరుగును వేళ్ళతో కొలిచాడు:
జానా రెండంగుళాలు.

మొదట పెద్దరోజులు, చివర పెద్దరోజులు.
నడుమ ఈ నాలుగైదు దినాలు
పూర్తిగా పండగా కావు, ఉత్త రోజులూ కావు.
పాలూ నీళ్ళూ కలిసిపోయిన చోట
ఏది ఏదో శాస్త్రమే వడగట్టి చెప్పాలి.

కుళాయి కారితే కట్టొచ్చు.
ఆగితే కుళ్ళిపోయే సరుకును కాపాడుకోవచ్చు.
చంటిదాని గుడ్డలు ఉతకొచ్చు, మన చొక్కా కుదరదు.
ఇంట్లో రొట్టె లేనివాడు పనిచేసుకోవచ్చు.
(ఈ మాట దగ్గర నాన్న గొంతు తగ్గేది.
తాత ఒక ఏడు అలాగే చేశాడట,
తలుపు వేసుకుని, మిషను కింద దుప్పటి పరచి.)
ఇక కుట్టంటావా,
పని రానివాడు తనకొచ్చినట్టు కుట్టుకోవచ్చు.
పనివాడు మాత్రం వంకరగా కుట్టాలి,
కుక్కపళ్ళ వరసలా ఒకటి పైకి ఒకటి కిందికి,
చూసినవాడు ‘ఎవడు నేర్పాడ్రా నీకు’ అనేట్టు.

మా నాన్న యెహీల్ ప్రాగర్.
బ్రిగేట్ వెనక సందులో నలభై ఒక్కేళ్ళు కోట్లు కుట్టాడు.
ఆయన కుట్టు మీద చీమను వదిలితే
దారి తప్పకుండా జేబు దాకా చేరుతుందనేవాళ్ళు.
ఆ చేతికి ఏడాదికి రెండుసార్లు
ఏమీ రానట్టు ఉండమని ఆజ్ఞ.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. దారం ఎక్కించింది నేనే.
మొదటి కుట్టు తిన్నగా పడింది. విప్పాడు.
రెండోదీ అంతే. విప్పాడు.
మూడోది కళ్ళు మూసుకుని వేశాడు,
అదీ గీత గీసినట్టే.
“వీడు నా మాట వినడు” అన్నాడు కుడిచేతిని చూసి,
ఎవరి పిల్లాడి మీదో చాడీ చెబుతున్నట్టు.
చివరికి సూది నా చేతికిచ్చి
“నువ్వు కుట్టమ్మా, నీకింకా రాదుగా” అన్నాడు.
పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి
ఎంత తిన్నగా కుట్టానో!
అమ్మ గరిటెతో సహా వచ్చి చూసి
“ఇవీ అసలైన కుక్కపళ్ళు” అంది.
నేను పందిట్లో కూర్చుని ఏడ్చాను.

ఆ వారమే ఆర్మిటేజ్ గారు సూటు పట్టుకొచ్చారు.
శనివారం కూతురి పెళ్ళి, నడుము వదులు చెయ్యాలి.
నాన్న రబ్బీని అడిగొచ్చాడు.
“చేతిలోది పోతుందా, రావలసింది రాదా?
రానిది నష్టం కిందికి రాదు.”
ఆర్మిటేజ్ గారికి టీ ఇచ్చి పంపాం.
పెళ్ళి ఫొటోలో ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు,
ఇప్పటికీ తెలుస్తుంది.
అయినా తర్వాతి సూటూ మా దగ్గరే కుట్టించుకున్నారు.

ఇప్పుడు నాన్నకి ఎనభై నాలుగు.
చొక్కాకి బొత్తాం కుట్టినా కుక్కపళ్ళే.
వణికే చేతికి సంవత్సరమంతా నడిమి దినాలే.
ఈ ఏడు గాలి మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే మూల.
సూది పట్టుకుని ఆగిపోయి
కొత్త రబ్బీకి ఫోను కలపమన్నాడు.
“అయ్యా, ఇప్పుడు నాకొచ్చింది వంకర కుట్టొక్కటే.
నేను పనివాణ్ణా, రానివాణ్ణా?
ఎలా కుట్టమంటారు?”
అవతల పేజీలు తిరగేసిన చప్పుడు.
కుర్చీ కిర్రుమంది. ఎవరో పిల్ల నవ్వింది.
“చూసి చెబుతానండీ.”

చూసి చెప్పేలోగా వాన అందుకుంది.
బట్టల క్లిప్పులు తెచ్చి
చిరుగు పొడవునా గబగబా బిగించాను.
నాన్న పందిట్లో దుప్పటి కప్పుకుని
వానను కాదు, క్లిప్పుల్ని చూస్తున్నాడు.
“ఆ రెండోది కాస్త ఎడమకి జరుపు,” అన్నాడు,
“వరస తప్పింది.”